పిడికిలి నుంచి గ్లౌవ్ దాకా

మన పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమని కమిటీ వారు ఫోన్ చేసినప్పుడు, ముప్పై ఏళ్లు చరిత్ర పాఠాలు చెప్పినవాణ్ణి కనుక మన బడి భవనం గురించో, సికింద్రాబాద్ కంటోన్మెంట్ గురించో రాస్తాననుకొని ఉంటారు. అవి నాకంటే బాగా రాయగలవాళ్లు మనలో చాలామంది ఉన్నారు. నేను బాక్సింగ్ చరిత్ర రాస్తానన్నాను. ఫోన్‌లో కాసేపు చప్పుడు లేదు. "బాక్సింగా సార్? మీరా?" అన్నాడు అవతలి కుర్రాడు. కుర్రాడంటే నాకు కుర్రాడే. అతనికీ యాభై దాటాయి.

ఎందుకన్నానో చెబుతాను. మొన్నటి సర్వసభ్య సమావేశంలో ఒక బ్యాచ్ వాళ్లు బడికి బాక్సింగ్ రింగ్ కట్టించి ఇస్తామని లేచి చెప్పారు, మీలో చాలామంది అక్కడే ఉన్నారు. నిఖత్ జరీన్ ప్రపంచ చాంపియన్ అయ్యాక ఆడపిల్లలు కూడా నేర్పమని అడుగుతున్నారని పి.టి. టీచరమ్మ చెప్పారు. సగం మంది చప్పట్లు కొట్టారు. మిగతా సగంలో ఒకరు "ఇది మన ఆట కాదు, తెల్లదొరలు వదిలేసి పోయిన ఆట" అన్నారు. ఇంకొకరు "పిల్లల్ని తన్నుకోవడానికా బడికి పంపేది?" అని అడిగారు. నేను నోరు విప్పలేదు. దానికి కారణం 1960ల చివర్లో మన గ్రౌండ్‌లోనే జరిగిన ఒక పోటీ. ఆ సంగతి చివర్లో చెబుతాను. ముందు ఆ రెండు మాటల్లో మొదటిది చూద్దాం. ఇది ఎవరి ఆట?

పిడిగుద్దులకు పుట్టిన ఊరు వెతకడం వృథా ప్రయాస. చెయ్యి ముడిస్తే పిడికిలి. దానికి కంసాలి అక్కర్లేదు, కమ్మరి అక్కర్లేదు. కత్తి తుప్పు పట్టినా మట్టిలో మిగులుతుంది కానీ గుద్దు మిగలదు. అందుకే ఈ ఆట చరిత్ర మనకు బొమ్మల వల్ల తెలుస్తుంది, కథల వల్ల తెలుస్తుంది, అన్నిటికంటే ఎక్కువగా చేతికి చుట్టుకున్న వస్తువుల వల్ల తెలుస్తుంది.

ఇప్పటి ఇరాక్ దేశంలో, పాత బాబిలోనియా కాలపు మట్టి పలకలు దొరికాయి. సుమారు నాలుగు వేల ఏళ్ల నాటివి. వాటి మీద ఇద్దరు మగవాళ్లు ఎదురెదురుగా పిడికిళ్లు ఎత్తి నిలబడి ఉంటారు. లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో ఉన్న ఒక పలకలో వాళ్ల పక్కనే పెద్ద డోలు వాయిస్తున్నవాళ్లు కూడా ఉన్నారు. ఆ బొమ్మ చూసినప్పుడు నాకు మన తాలింఖానాలు గుర్తొచ్చాయి. డప్పు లేకుండా కుస్తీ పట్టడం మనవాళ్లకూ తెలియదు కదా!

తర్వాతిది ఈజిప్టు. అక్కడ థీబ్స్‌లో ఖెరుయెఫ్ అనే ఉన్నతోద్యోగి సమాధి ఉంది. క్రీ.పూ. 14వ శతాబ్దంలో అమెన్‌హోటెప్ III అనే ఫారో దగ్గర పనిచేసినవాడు. ఆ సమాధి గోడ మీద జంటలు జంటలుగా కొందరు కర్రలతో, కొందరు ఉత్త చేతులతో తలపడుతుంటారు. విశేషం ఏమిటంటే అది ఆ రాజుగారి జూబిలీ ఉత్సవాల దృశ్యం. అక్కడ ముప్పై ఏళ్ల పాలనకు మొదటి జూబిలీ చేసి, ఆ పైన మూడు నాలుగేళ్లకోసారి మళ్లీ చేసేవారు. స్వర్ణోత్సవ సంచికలో బాక్సింగ్ ఏమిటని అడిగేవాళ్లకు నా దగ్గర మూడు వేల మూడు వందల ఏళ్ల నాటి ఆధారం ఉందన్నమాట.

నాకు అన్నిటికంటే ఇష్టమైన బొమ్మ మాత్రం గ్రీసు దగ్గరి సాంటొరిని దీవిలోది. పాత పేరు థీరా. క్రీ.పూ. 1600 ప్రాంతంలో అక్కడ అగ్నిపర్వతం పేలి అక్రోతిరి అనే ఊరు మొత్తం బూడిద కింద కప్పడిపోయింది. 1967లో స్పిరిడాన్ మరినాటోస్ అనే పురావస్తు శాస్త్రవేత్త తవ్వకాలు మొదలుపెడితే ఇళ్లు, మెట్లు, కుండలు, గోడల మీది రంగుల బొమ్మలు బయటపడ్డాయి. అందులో ఒకటి ఇద్దరు పిల్లలు బాక్సింగ్ చేస్తున్న బొమ్మ. పెద్దవాళ్లు కాదు, పిల్లలే. మన అయిదో తరగతి పిల్లల ఈడు. నడుముకు పట్టీ, గొరిగిన తల, అక్కడక్కడ వదిలిన జడపాయలు. ఎడమవైపు పిల్లవాడికి మెడలో గొలుసు, చేతికి కడియం. ఇద్దరికీ కుడిచేతికి మాత్రమే గ్లౌవ్ ఉంది. ఎడమచెయ్యి ఖాళీ. చేతికి తొడుగు తొడుక్కొని గుద్దుకోవడానికి మనకు దొరికిన అతి పాత సాక్ష్యాల్లో ఇది ఒకటి. ఆ ఒంటిచేతి తొడుగును, గొరిగిన తలను గుర్తుపెట్టుకోండి. మన దగ్గరికి వచ్చాక మళ్లీ పనికొస్తాయి.

హోమర్ ఇలియడ్‌లో ఒక పోటీ ఉంది. పెట్రోక్లస్ చనిపోయాక అతని జ్ఞాపకార్థం అకిలీస్ ఆటలు పెడతాడు. గుద్దులాటలో గెలిచినవాడికి కంచరగాడిద, ఓడినవాడికి రెండు పిడుల గిన్నె. ఎపియస్ అనేవాడు లేచి, నేను యుద్ధంలో అంతంతమాత్రమే కానీ పిడికిలి విషయంలో నన్ను మించినవాడు లేడని పొగరుగా చెప్పుకుంటాడు. ట్రాయ్ కొయ్యగుర్రం కట్టినవాడు ఇతనే. యురియాలస్ ముందుకొస్తాడు. ఇద్దరూ చేతులకు ఎద్దుతోలు పట్టీలు చుట్టుకుంటారు. దవడ మీద ఒకే దెబ్బకు యురియాలస్ కూలిపోతాడు. అప్పుడు అంత పొగరుగా మాట్లాడిన ఎపియస్సే వంగి, కొట్టినవాణ్ణి రెండు చేతులతో ఎత్తి నిలబెడతాడు. ఈ ఒక్క దృశ్యం కోసం ఇలియడ్ 23వ భాగం నేను చాలాసార్లు చదివాను.

ఒలింపిక్స్‌లోకి బాక్సింగ్ వచ్చింది క్రీ.పూ. 688లో, 23వ ఒలింపియాడ్‌లో. మొదటి విజేత స్మిర్నా నగరానికి చెందిన ఒనోమాస్టస్. స్మిర్నా అంటే ఇప్పటి టర్కీలోని ఇజ్మీర్. ఆట నియమాలు రాసిందీ ఆయనే అని గ్రీకులు చెప్పుకునేవారు. ఆ నియమాల్లో మనకు అలవాటైనవేవీ లేవు. రౌండ్లు లేవు, మధ్యలో విరామం లేదు, బరువును బట్టి తరగతులు లేవు. చీట్లు తీసి జతలు కలిపేవారు. సన్నవాడికి ఏనుగులాంటివాడు తగిలితే అది వాడి కర్మ. ఒకడు పడిపోయేదాకానో, ఓటమి ఒప్పుకొనేదాకానో సాగవలసిందే.

ఒప్పుకోవడం ఎలా? చెయ్యెత్తి ఒక వేలు చూపించాలి. అంతే. ఆనాటి కుండల మీది బొమ్మల్లో అలా వేలెత్తిన బాక్సర్లు కనిపిస్తారు. వేలు లేచిందంటే పోటీ ముగిసింది.

అంత సులువైన నియమం ఉన్నా ప్రాణాలు పోయాయి. క్రీ.పూ. 492లో ఆస్టిపాలియా దీవికి చెందిన క్లియోమిడిస్ ఒలింపిక్స్‌లో ఇక్కస్ అనేవాణ్ణి చంపేశాడు. న్యాయనిర్ణేతలు అతనికి విజయం ఇవ్వలేదు. ఆ దుఃఖంతో మతి చెడి సొంత ఊరికి తిరిగి వెళ్లి, అరవై మంది పిల్లలు చదువుకుంటున్న ఒక బడిలోకి చొరబడి పైకప్పు మోస్తున్న స్తంభాన్ని లాగేశాడని పౌసానియస్ రాశాడు. పౌసానియస్ ఆ సంఘటనకు ఆరు వందల ఏళ్ల తర్వాతివాడు కనుక అక్షరాలా నమ్మనక్కర్లేదు. కానీ బాక్సింగ్ గురించిన ఇంత పాత కథలో ఒక బడి ఉండటం నన్ను కొంచెం కలవరపెట్టింది.

క్రుగాస్, డామోక్సెనస్‌ల కథ కూడా పౌసానియస్సే చెప్పాడు. నెమియా ఆటల్లో సాయంత్రమయ్యేదాకా తేలకపోతే, చెరొక దెబ్బ కొట్టుకొని తేల్చుకుందామని ఇద్దరూ ఒప్పుకున్నారు. ఎదుటివాడు కదలకుండా నిలబడాలి. క్రుగాస్ తలమీద కొట్టాడు. డామోక్సెనస్ తట్టుకున్నాడు. తన వంతు వచ్చినప్పుడు వేళ్లు నిటారుగా చాచి పొడిచి క్రుగాస్ ప్రాణం తీశాడు. ఒప్పుకున్నది ఒక్క దెబ్బకు. అయిదు వేళ్లతో పొడిస్తే అది అయిదు దెబ్బలు అని చెప్పి, న్యాయనిర్ణేతలు చనిపోయిన క్రుగాస్‌నే విజేతగా ప్రకటించారు. లెక్కల మాస్టారి తీర్పులా ఉంది కానీ, దాని వెనక మంచి బుద్ధి ఉంది. దెబ్బ ఎంత గట్టిది అన్నది వాళ్లు చూడలేదు. మాట తప్పాడా లేదా అన్నదే చూశారు.

గ్రీకు బాక్సింగ్‌లో ఆడవాళ్ల కథ కూడా ఒకటుంది. రోడ్స్ దీవికి చెందిన డయాగరస్ క్రీ.పూ. 464లో ఒలింపిక్ బాక్సింగ్ విజేత. ఆయన కొడుకులూ విజేతలే. ఆయన కూతురు కల్లిపటైరా తన కొడుకు పోటీ చూడటానికి శిక్షకుడి వేషం వేసుకొని లోపలికి వెళ్లింది. పెళ్లయిన ఆడవాళ్లు ఒలింపిక్స్ చూడకూడదు. చూస్తే మరణశిక్ష. కొడుకు గెలవగానే సంతోషం పట్టలేక కంచె దూకబోతే వేషం జారి దొరికిపోయింది. తండ్రి, అన్నదమ్ములు, కొడుకు అంతా విజేతలే కావడంతో వదిలేశారు. ఆ తర్వాత శిక్షకులు కూడా బట్టలు లేకుండానే రావాలని కొత్త నియమం పెట్టారట. ఒలింపిక్స్‌లో మహిళల బాక్సింగ్ పతకాల పోటీగా వచ్చింది 2012లో, లండన్‌లో. కల్లిపటైరా కంచె దగ్గర నుంచి రింగ్ దాకా రావడానికి దాదాపు రెండు వేల నాలుగు వందల ఏళ్లు పట్టింది.

రోమ్‌వాళ్ల చేతిలో ఆట ముదిరింది. మెత్తటి తోలు పట్టీలు పోయి, లోహం కుట్టిన తొడుగులు వచ్చాయి. వాటిని కేస్టస్ అనేవారు. 1885లో రోమ్‌లోని క్విరినల్ కొండ మీద తవ్వకాల్లో ఒక కంచు విగ్రహం దొరికింది. పోటీ ముగిశాక కూర్చున్న బాక్సర్. ముక్కు వంకర, చెవులు వాచి ముద్దలైపోయాయి. ముఖం మీది గాయాలను, కారిన రక్తాన్ని ఎర్రటి రాగి పొదిగి చూపించాడు ఆ శిల్పి. మనిషి తల తిప్పి ఎవరినో చూస్తున్నాడు. గెలిచాడో ఓడాడో తెలియదు. నేను ఫోటోలోనే చూశాను. అయినా ఆ ముఖం ముందు గెలుపోటముల మాట ఎత్తబుద్ధి కాదు.

అయితే రోమన్లందరూ ఇనుప గుద్దులే గుద్దుకున్నారనుకోకండి. 2017లో ఇంగ్లాండ్ ఉత్తరాన, హేడ్రియన్ గోడకు దగ్గర్లోని విండోలాండా సైనిక కోటలో రెండు తోలు తొడుగులు దొరికాయి. క్రీ.శ. 120 ప్రాంతానివి. వాటిలో లోహం లేదు. వేళ్ల కణుపులు కాచుకోవడానికి లోపల మెత్తగా దట్టించారు. సైనికులు సాధన కోసం వాడుకున్నవి. ఒకటి చిరిగితే బాగు చేసుకొని మళ్లీ తొడుక్కున్నారు కూడా. కంటోన్మెంట్ ఉన్నచోట బాక్సింగ్ ఉంటుందన్న సంగతి మన సికింద్రాబాద్ వాళ్లకు వేరే చెప్పాలా?

ఇక మన సంగతి. "మన ఆట కాదు" అన్న మిత్రుడికి నా జవాబు ఇది.

తెలుగులో జగజెట్టి అనే మాట ఉంది. ఇప్పటి పత్రికలు ప్రపంచ చాంపియన్ అని రాసేదానికి మన భాషలో ఏనాటి నుంచో ఉన్న మాట. జెట్టి అంటే మల్లుడు. అది ఒక వృత్తికులం పేరు కూడా. 1909లో దక్షిణ భారత కులాల మీద పెద్ద గ్రంథం వెలువరించిన ఎడ్గర్ థర్‌స్టన్, జెట్టిలను తెలుగు మల్లుల కులంగా రాశాడు. తెలుగు జిల్లాల్లో వాళ్లు ఒళ్లు పట్టి, నూనెలూ లేపనాలూ రాసి నరాల నొప్పులు తగ్గించేవారనీ, తంజావూరులో తమిళుల మధ్య ఉన్నా ఇంట్లో తెలుగే మాట్లాడేవారనీ నమోదు చేశాడు. ఎక్కడ కొడితే ఏమవుతుందో తెలిసినవాడికే ఎక్కడ రాస్తే నొప్పి పోతుందో కూడా తెలుస్తుంది కాబోలు.

ఈ జెట్టిల ప్రత్యేక విద్య వజ్రముష్టి. కుడిచేతి వేళ్లకు కొమ్ముతోనో దంతంతోనో చేసిన మొనల తొడుగు. ఎడమచెయ్యి ఖాళీ. తల గొరిగించుకొని కొంచెం పిలక ఉంచుకుంటారు. ఇందాక గుర్తుపెట్టుకోమన్నాను చూశారా, అక్రోతిరి పిల్లలను? కుడిచేతికే తొడుగు, గొరిగిన తల. దీన్ని పట్టుకొని గ్రీకులు మన దగ్గర నేర్చుకున్నారనో, మనం వాళ్ల దగ్గర నేర్చుకున్నామనో సిద్ధాంతాలు చేయనక్కర్లేదు. జుట్టు ఉంటే ఎదుటివాడి చేతికి దొరుకుతుంది. ఒక చెయ్యి ఖాళీగా ఉంటే పట్టుకోవచ్చు, అడ్డుకోవచ్చు. ఇంత చిన్న విషయం ఇద్దరికీ వేరువేరుగా తట్టడంలో వింతేముంది?

విజయనగరానికి వచ్చిన ఇద్దరు పోర్చుగీసు వాళ్లు ఈ పోటీల గురించి రాశారు. 1520 ప్రాంతంలో, శ్రీకృష్ణదేవరాయల కాలంలో, డొమింగో పేస్ మహర్నవమి ఉత్సవాలు చూశాడు. ఇక్కడి మల్లయుద్ధం మా దేశపు కుస్తీలాంటిది కాదు, ఇందులో గుద్దులు ఉంటాయి, పళ్లు ఊడతాయి, కళ్లు పోతాయి, మాట పడిపోయినవాళ్లను స్నేహితులు మోసుకుపోతారు అని ఆయన రాసినదాని సారాంశం. పదిహేనేళ్ల తర్వాత ఫెర్నావ్ నూనిజ్, మొనలున్న వలయాలు చేతుల్లో పట్టుకొని కొట్టుకునేవారనీ, ఎక్కువ గాయపడ్డవాడికి పట్టుబట్ట బహుమానంగా దక్కేదనీ రాశాడు. నా దృష్టిలో వీటన్నిటికంటే విలువైనది పేస్ మాటల మధ్యలో వచ్చే చిన్న సంగతి. అక్కడ న్యాయనిర్ణేతలు ఉండేవారు. బరిలో ఇద్దరినీ సమానంగా నిలపడం, గెలిచినవాడికి గౌరవం అప్పగించడం వాళ్ల పని. ఇంగ్లండులో బాక్సింగ్‌కు నియమాలు రాయడానికి రెండు వందల ఏళ్ల ముందే హంపీలో రెఫరీలు ఉన్నారన్నమాట. హంపీ వెళ్లినవాళ్లు మహర్నవమి దిబ్బ అంచున చెక్కిన మల్లుల బొమ్మలు చూసే ఉంటారు. ఈసారి వెళితే కాస్త ఆగి చూడండి.

ఆ సంప్రదాయం మైసూరులో ఇప్పటికీ మిగిలి ఉంది. విజయదశమి నాడు, ఏనుగు అంబారీ ఊరేగింపుకు ముందు, రాజభవనం లోపల వజ్రముష్టి పోటీ జరుగుతుంది. ఎదుటివాడి తలమీద రక్తపు చుక్క కనిపించగానే ఆపేస్తారు. చాలాసార్లు నిమిషం కూడా పట్టదు. గ్రీకులకు ఎత్తిన వేలు, వీళ్లకు రక్తపు చుక్క.

పురాణాల్లోకి వెళితే ఉదాహరణలకు కొదవలేదు. వాలి సుగ్రీవుల పోరు పిడికిళ్లతోనే మొదలవుతుంది. ఎవరు ఎవరో రాముడికి తెలియక, రెండోసారి సుగ్రీవుడి మెడలో గజపుష్పి మాల వేయించారు. ఇప్పటి ఎర్ర మూల, నీలం మూల అనే ఏర్పాటుకు అదే మొదలని క్లాసులో సరదాగా చెప్పేవాణ్ణి. విరాట పర్వంలో వంటవాడి వేషంలోని భీముడు జీమూత మల్లుడితో తలపడటం తిక్కన గారి పుణ్యమా అని మనకు కంఠతా వచ్చిన కథ. 1963లో "నర్తనశాల" వచ్చినప్పుడు భీముడి వేషం వేసింది నిజంగానే బరువులెత్తిన దండమూడి రాజగోపాల్. మా వీధి పిల్లలమంతా ఆ సినిమా చూసి వచ్చి నెల రోజుల పాటు ఒకరినొకరు గిరగిరా తిప్పి పడేసుకున్నాం.

అన్నిటికంటే నన్ను ఆపి ఆలోచింపజేసింది మన బమ్మెర పోతన తెలుగు చేసిన భాగవతం, దశమ స్కంధం. కంసుడి సభలో చాణూరుడు, ముష్టికుడు అనే కొండల్లాంటి మల్లులు బాలురైన కృష్ణ బలరాములను పిలుస్తారు. రెండోవాడి పేరే ముష్టికుడు, చూడండి! మేము పిల్లలం, మా ఈడువాళ్లతో, మా బలానికి సరితూగేవాళ్లతో ఆడటం న్యాయం అంటాడు కృష్ణుడు. పోరు మొదలయ్యాక చూస్తున్న ఆడవాళ్లు ఊరుకోరు. ఈ పసివాళ్లెక్కడ, ఆ కొండలెక్కడ, ఇలాంటి సరిజోడు కాని పోటీని చూస్తూ కూర్చోవడం కూడా అధర్మమే అని సభను తప్పుపడతారు. ఒలింపియాలో గ్రీకులకు తట్టని బరువు తరగతుల ఆలోచన ఇక్కడ మధురలోని ఆడవాళ్ల నోట పలికింది. తప్పు కొట్టేవాడిది ఒక్కడిదే కాదు, చూస్తున్నవాళ్లది కూడా అన్నారు వాళ్లు.

కాబట్టి ఆట మనది కూడా. దొరలు తెచ్చింది ఏమిటంటే గ్లౌవ్, గడియారం.

అదీ వాళ్లకు తేలిగ్గా రాలేదు. 1719 నుంచి ఇంగ్లండులో జేమ్స్ ఫిగ్ చాంపియన్‌గా చెలామణి అయ్యాడు. అప్పట్లో ఉత్త చేతులతో కొట్టుకోవడమే. ఫిగ్ తర్వాత పేరు తెచ్చుకున్న జాక్ బ్రౌటన్ 1741లో జార్జ్ స్టీవెన్సన్ అనే బండివాడితో తలపడ్డాడు. ఆ దెబ్బలకు స్టీవెన్సన్ కొన్నాళ్లకు చనిపోయాడు. ఆ బాధతోనే బ్రౌటన్ 1743లో నియమాలు రాశాడని చెబుతారు. పడ్డవాణ్ణి కొట్టకూడదు. పడ్డవాడికి అరనిమిషం గడువు ఇవ్వాలి. నడుము కిందికి పట్టుకోకూడదు. తన దగ్గర నేర్చుకునే పెద్దింటి కుర్రాళ్ల కోసం మెత్తటి తొడుగులు కూడా పెట్టాడు. ఆ తర్వాత 1867లో క్వీన్స్‌బరీ మార్క్విస్ పేరు మీద నియమాలు వచ్చాయి. రాసింది మాత్రం జాన్ గ్రాహం చేంబర్స్. మూడు నిమిషాల రౌండ్, నిమిషం విరామం, పది అంకెలు లెక్కపెట్టే లోపల లేవాలి, గ్లౌవ్‌లు తప్పనిసరి. పేరు ఒకరిది, పని ఒకరిది అన్నది అన్ని దేశాల్లోనూ ఉన్నదే!

గ్లౌవ్ గురించి ఒక పొరపాటు అభిప్రాయం ఉంది, ముఖ్యంగా టీచర్లు, తల్లిదండ్రులు తెలుసుకోవాలి. అది ప్రధానంగా దెబ్బ తినేవాడి తల కోసం కాదు, కొట్టేవాడి చెయ్యి కోసం. ఉత్త పిడికిలితో పుర్రె మీద కొడితే ముందు విరిగేది వేళ్లే. గ్లౌవ్ వచ్చాక తలమీద ఎక్కువసార్లు, భయం లేకుండా కొట్టడం వీలైంది. మెత్తగా ఉంది కదా, ప్రమాదం లేదు అనుకోవడానికి లేదు.

1806లో మూడో నిజాం సికందర్ జా పేరు మీద వెలిసిన మన కంటోన్మెంట్ ఊరికి ఆ గ్లౌవ్‌లు రెజిమెంట్లతో, రైల్వేతో, దొరల బడులతో వచ్చాయి. మన దేశపు బాక్సింగ్ జట్టు మొదటిసారి ఒలింపిక్స్‌కు వెళ్లింది 1948లో. ఆ జట్టులో రాబర్ట్ క్రాన్‌స్టన్, జాన్ నట్టల్ వంటి పేర్ల పక్కనే బాబూలాల్, బినయ్ బోస్ వంటి పేర్లు ఉంటాయి. ఆ రెండు రకాల పేర్లూ కలిసి హాజరు పలికిన బడి మనది కనుక ఆ జాబితా చదివితే మన అటెండెన్స్ రిజిస్టర్ చదివినట్టే ఉంటుంది. 2022 మే నెలలో ఇస్తాంబుల్‌లో నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్ థాయ్‌లాండ్ బాక్సర్‌ను 5–0తో ఓడించి ప్రపంచ విజేత అయింది. మరుసటి ఏడాది ఢిల్లీలో మళ్లీ గెలిచింది. జగజెట్టి అనే మాటకు స్త్రీలింగం ఏమిటో తెలుగు మాస్టార్లు చెప్పాలి.

ఇక చెబుతానన్న సంగతి.

మా రోజుల్లో యాన్యువల్ డేకి వారం ముందు హౌస్‌ల మధ్య బాక్సింగ్ పోటీలు జరిగేవి. గ్రౌండ్‌లో నాలుగు వెదురు గుంజలు పాతి, కొబ్బరి తాళ్లు కట్టి, కింద జంపఖానాలు పరిచేవారు. తిరుమలగిరి నుంచి ఒక రిటైర్డ్ హవల్దారు గారు వచ్చి నేర్పేవారు. ఆ ఏడు ఫైనల్‌లో నాకు ఎదురుగా నిలబడింది నా బెంచీమేట్. లాలాగూడ రైల్వే క్వార్టర్స్ నుంచి సైకిల్ మీద వచ్చేవాడు. వాళ్ల అమ్మ చేసిన కేకు నేను, మా అమ్మ పెట్టిన ఆవకాయ అన్నం వాడు తినేవాళ్లం. మూడో రౌండ్‌లో, ఇంకా అరనిమిషం ఉందనగా, వాడు వెనక్కి ఒక అడుగు వేసి కుడిచెయ్యి పైకెత్తాడు. నేను చూశాను. చూడలేదని ఇన్నేళ్లూ అందరితో అన్నాను కానీ, చూశాను. రెఫరీ ఈల వేయలేదు. నేను కొట్టాను. ఎడమ చెవి మీద తగిలింది.

పోటీ నేనే గెలిచాను. వాడి కర్ణభేరి చిరిగింది. ఆ చెవి మళ్లీ సరిగ్గా వినలేదు. హవల్దారు గారు నన్ను తిట్టలేదు. గ్లౌవ్‌లు విప్పి సంచిలో పెట్టుకొని, నా వైపు చూడకుండా వెళ్లిపోయారు. మరుసటి ఏడు పోటీలు పెట్టలేదు. క్వీన్స్‌బరీ నియమాల ప్రకారం నా తప్పేమీ లేదు, రెఫరీ ఆపలేదు కనుక. గ్రీకుల నియమం ప్రకారం పోటీ అప్పటికే అయిపోయింది. ఎత్తిన వేలు గురించి మొదటిసారి చదివినప్పుడు నేను డిగ్రీ కాలేజీలో లెక్చరర్‌ని. ఆ రోజు మధ్యాహ్నం క్లాసు తీసుకోలేకపోయాను. బాక్సింగ్ చరిత్ర చదవడం నాకు అలా మొదలైంది.

రింగ్ విషయంలో నా ఓటు అడిగితే, కట్టమనే అంటాను. కానీ రింగ్ కంటే ముందు రెఫరీ కావాలి. తగిన శిక్షణ ఉన్నవాడు, ఏ హౌస్‌కూ చెందనివాడు, ఆపడానికి మొహమాటపడనివాడు. పిల్లలకు బరువు చూసి జతలు కట్టాలి. తల కాచే హెడ్‌గార్డు లేకుండా ఎవరినీ దించకూడదు. డాక్టరు గ్రౌండ్‌లో ఉండాలి, ఫోన్‌లో కాదు. రింగుకు చందా ఇచ్చే బ్యాచ్ వీటికయ్యే ఖర్చు కూడా ఏటా భరిస్తామంటే నా వంతు నేనూ ఇస్తాను. లేకపోతే ఆ డబ్బుతో లైబ్రరీ పైకప్పు బాగు చేయించండి, వర్షాకాలంలో కారుతోంది.

ఈ వ్యాసం కమిటీకి పంపేముందు వాడికి చదివి వినిపించాను. వాడు 1970ల్లోనే కుటుంబంతో ఆస్ట్రేలియా వెళ్లిపోయాడు. ఇప్పుడు మనవలతో పెర్త్‌లో ఉంటాడు. ఫోన్ కుడి చెవికి మార్చుకొని మొత్తం విన్నాడు. ఎపియస్ దగ్గర ఒకసారి, పోతన దగ్గర ఒకసారి మళ్లీ చదవమన్నాడు. చివరి భాగం అయ్యాక చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత అదే పాత లాలాగూడ తెలుగులో అన్నాడు:

"ఒరేయ్, నేను ఓడిపోయానని చెయ్యెత్తలేదు రా. గ్లౌవ్ లేసు ఊడిపోయింది. కట్టమని హవల్దార్‌ని పిలుస్తున్నా. లేకపోతే ఆ రౌండ్ నాదే."

ఇప్పటి గ్లౌవ్‌లకు లేసుల బదులు అంటుకునే పట్టీలు వచ్చాయని చెప్పాను. మెడల్ ఇంకా నా దగ్గరే ఉందా అని అడిగాడు. ఉందన్నాను. జనవరిలో స్వర్ణోత్సవానికి వస్తున్నాడు, అప్పుడు తెమ్మన్నాడు.